స్వానెతి బురుజుల ఊళ్లు: అపోహలు - వాస్తవాలు

జార్జియా దేశపు వాయవ్య మూలన, కాకసస్ పర్వతాల దక్షిణపు వాలున ఉన్న ఎగువ స్వానెతికి వేసవి నెలల్లో చిన్న బృందాలను కాలినడకన తీసుకువెళ్లడం నా వృత్తి. అక్కడి ఉష్‌గులి గ్రామాన్ని, దాని వెనుక మంచుగోడలా నిలిచిన ష్ఖారా శిఖరాన్ని ఫొటోలో చూడనివారెవరూ మా బృందంలోకి రారు. ఆ ఒక్క ఫొటో నుంచి పుట్టిన అభిప్రాయాలు మాత్రం చాలావరకు పొరపాటువే. బయలుదేరే ముందు నాకు తరచుగా వినిపించే మాటలనే ఇక్కడ అపోహలుగా తీసుకున్నాను.

అపోహ: ఆ రాతి బురుజులు కోటకు చెందినవి, సైనికులు వాటిలో కాపురముండి బయటి శత్రువుల నుంచి ఊరిని కాపాడేవారు.

వాస్తవం: స్వానెతి బురుజు ఊరిది కాదు, ఒక కుటుంబానిది. వీటిలో ఎక్కువ భాగం 9 నుంచి 13వ శతాబ్దం మధ్య కట్టినవి. మూడు నుంచి అయిదు అంతస్తులు ఉంటాయి, ఇరవై మీటర్లు దాటినవీ ఉన్నాయి. గోడ మందం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది కనుక బురుజు కూడా పైకి సన్నబడుతుంది. దాని పక్కనే ‘మచుబి’ అనే ఇల్లు ఉంటుంది. కుటుంబం నిజంగా బతికింది అందులోనే. కింది అంతస్తు మొత్తం ఒకే గది: మధ్యలో పొయ్యి, చుట్టూ చెక్క అడ్డుగోడకు అవతల పశువులు, ఆ పశువుల కొట్టాలకు పైన మనుషుల పడకలు. నెలల తరబడి మంచు కప్పేసే చోట పశువుల ఒంటి వేడిని కూడా వృథా పోనివ్వకుండా కట్టుకున్న ఇల్లు అది. ఆ చెక్క అడ్డుగోడ మీది చెక్కడపు పని చూస్తే, కొట్టానికి ఇంత అలంకారమా అని మా బృందంలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఆశ్చర్యపోతారు. పై అంతస్తు వేసవి కాపురానికి, గడ్డి, పనిముట్లు దాచుకోవడానికి ఉపయోగపడేది. బురుజులోకి వెళ్లే దారి కూడా ఆ పై అంతస్తు నుంచే ఉండేది.

ఇక శత్రువు ఎవరన్నది అసలు ప్రశ్న. బయటి నుంచి దండెత్తి వచ్చేవారి భయం నిజమే. అయితే కుటుంబాల మధ్య తరతరాలుగా సాగిన రక్తపు పగలు కూడా ఈ బురుజులకు అంతే కారణం, ఒకే వీధిలో రెండు బురుజులు ఎదురెదురుగా లేవడం వెనుక ఉన్న సంగతి అదే. ఆపద వేళ నిచ్చెనల మీదుగా అంతస్తు తరువాత అంతస్తు పైకెక్కి, ఎక్కిన నిచ్చెనను పైకి లాగేసుకునేవారు. కనుక బురుజును ఒక్కదాన్నీ విడిగా చూస్తే అది అర్థం కాదు. ఎగువ స్వానెతి ప్రధాన పట్టణమైన మెస్టియాలో మార్గియాని కుటుంబపు పాత ఇల్లు, బురుజు కలిపి మ్యూజియంగా ఉన్నాయి. ఉష్‌గులికి వెళ్లే ముందు అక్కడ ఒక గంట గడపమని నేను పట్టుబడతాను.

అపోహ: స్వానెతి అంతా యునెస్కో వారసత్వ ప్రదేశం, కాబట్టి ఏ ఊరూ మారకూడదు.

వాస్తవం: 1996లో ‘ఎగువ స్వానెతి’ అనే పేరుతో జాబితాలో చేరిన స్థలం నిజానికి చజాషి అనే ఒక్క పల్లె, దాని విస్తీర్ణం 1.06 హెక్టార్లు. ఉష్‌గులి అన్నది ఒక ఊరి పేరు కాదు. ముర్క్‌మెలి, చజాషి, చ్విబియాని, జిబియాని అనే పల్లెల సముదాయం. వాటిలో చజాషిని దాటగానే రేకుల పైకప్పులు, గెస్ట్‌హౌస్ బోర్డులు, సగం కట్టి ఆపిన గోడలు కనిపిస్తాయి. వాటిని చూసి మొహం చిట్లించుకునే పర్యాటకులంటే నాకు కొంచెం చిరాకు, దాచుకోను. 1987 శీతాకాలంలో ఈ లోయల మీద మంచుచరియలు విరుచుకుపడి ప్రాణనష్టం జరిగిన తరువాత, ఎన్నో కుటుంబాలు ఊళ్లు వదిలి దేశంలోని దిగువ ప్రాంతాలకు తరలిపోయాయి. మిగిలినవారు, తిరిగి వచ్చినవారు ఇవాళ ఇక్కడ నిలబడగలుగుతున్నారంటే అందులో ఆ గెస్ట్‌హౌస్‌ల ఆదాయానిది పెద్ద పాలు.

అపోహ: యూరప్‌లో అత్యంత ఎత్తున ఉన్న గ్రామం ఉష్‌గులి.

వాస్తవం: ఉష్‌గులి ఎత్తు సుమారు 2,100 మీటర్లు. స్విట్జర్లాండ్‌లోని యూఫ్ గ్రామం దానికంటే కొద్దిగా ఎత్తున ఉంది. జార్జియాలోనే తుషెతి ప్రాంతపు బొచోర్నా 2,300 మీటర్లు దాటుతుంది. యూరప్ సరిహద్దును ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి జవాబు మారే ప్రశ్న ఇది.

అపోహ: కొండల మధ్య ఇరుక్కుని, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉండిపోయిన ప్రాంతం ఇది.

వాస్తవం: దారి కష్టమైనది కావడం వల్లనే దిగువ జార్జియాకు స్వానెతి భద్రమైన పెట్టెలా పనికొచ్చింది. మైదానాల మీద దాడులు జరిగినప్పుడు విలువైన ప్రతిమలను, గ్రంథాలను ఇక్కడికి తెచ్చి దాచేవారు. 897 నాటి అదిషి సువార్త ప్రతి ఇప్పుడు మెస్టియా మ్యూజియంలో ఉంది. అంతకు చాలా ముందే గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో, ఈ ప్రాంతపు వాగుల్లో కొట్టుకొచ్చే బంగారాన్ని చిల్లులు పెట్టిన తొట్లతో, ఉన్ని ఉన్న గొర్రె తోళ్లతో పట్టేవారని రాశాడు. బంగారు ఉన్ని కథకు మూలం అదేనని కూడా అన్నాడు. భాష సంగతి వేరు. ఇక్కడివారు మాట్లాడే స్వాన్ భాష జార్జియన్‌కు దూరపు చుట్టమే అయినా, ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది అర్థం కాదు.

జిబియాని పైన దిబ్బ మీద ఉన్న లమారియా చర్చి దేవమాత పేరిట వెలిసింది, లోపలి గోడలపై మధ్యయుగపు చిత్రాలున్నాయి. అది ఇప్పటికీ ప్రార్థన జరిగే చోటు కాబట్టి స్త్రీలు తల కప్పుకోవాలి, లోపల కెమెరా తీసే ముందు అక్కడున్నవారిని అడగాలి.

అపోహ: ఉదయం మెస్టియాలో జీపెక్కి, ఉష్‌గులి చూసి, సాయంత్రానికి తిరిగొస్తే సరిపోతుంది.

వాస్తవం: దూరం నలభై అయిదు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, రోడ్డు మునుపటి కంటే చాలా మెరుగుపడింది కాబట్టి అలా వెళ్లి రావచ్చు. అయితే ఆ జీపులన్నీ దాదాపు ఒకే వేళకు చేరతాయి. ఆ మధ్యాహ్నపు గంటల్లోనే వేసవి మబ్బులు ష్ఖారాను కప్పేస్తాయి. 5,190 మీటర్లు దాటిన, దేశంలోకెల్లా ఎత్తైన ఆ శిఖరం తెల్లవారుజామున స్పష్టంగా కనిపించే అవకాశం ఎక్కువ. అందుకే ఒక రాత్రి అక్కడ నిద్ర చేయమంటాను. మరునాడు ఎంగురి నది ఒడ్డున సుమారు ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే ష్ఖారా హిమానీనదం వరకు పోవచ్చు. దాని అంచు కిందికి మాత్రం వెళ్లకూడదు, మంచు కరిగేకొద్దీ అందులో ఇరుక్కున్న రాళ్లు హెచ్చరిక లేకుండా రాలతాయి.

నాలుగు రోజులు చేతిలో ఉంటే మెస్టియా నుంచి జాబెషి, అదిషి, ఇప్రారి మీదుగా ఉష్‌గులికి నడవడమే ఉత్తమం. ఆ దారి గురించీ ఒక అపోహ ఉంది. కొండ ఎత్తు వల్ల ఊపిరాడదేమోనని అందరూ భయపడతారు. ఎత్తు వల్ల వచ్చే ఆ జబ్బు సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలవుతుంది. ఈ దారిలో ఆ ఎత్తు దాటేది అదిషి తరువాత వచ్చే కనుమ దగ్గర, అదీ కొద్ది గంటలే. నిజంగా భయపడవలసింది ఆ కనుమకు ముందున్న ఏటికి. హిమానీనదం నుంచి పుట్టిన ఆ ఏటిలో తెల్లవారుజామున నీరు తక్కువ, ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి ఉరకలెత్తుతుంది. అదిషిలో తీరికగా టిఫిన్ చేసి బయలుదేరినవారు ఒడ్డున నిలబడి తెల్లబోవడం నేను ఎన్నోసార్లు చూశాను. గుర్రాలతో దాటించే స్థానికులు వేసవిలో ఒడ్డునే ఉంటారు. వారికి జార్జియా కరెన్సీ అయిన ‘లారి’లో నగదు ఇవ్వాలి, ఆ నగదు మెస్టియాలోనే తీసుకుని పెట్టుకోవాలి. దారిలో గొర్రెల మంద కనబడితే చుట్టు తిరిగి పోవాలి, కాపలా కుక్కలు పెంపుడు కుక్కల్లా ఉండవు.

దొంగల భయం అన్న మాట కూడా ఇంకా వింటుంటాను. 1990లలో అది నిజం. 2004లో ప్రభుత్వం పోలీసు బలగాలతో చేపట్టిన చర్య తరువాత పరిస్థితి మారిపోయింది.

చివరిగా విమానం సంగతి. రాజధాని టిబిలిసి శివార్ల నుంచి మెస్టియాకు చిన్న విమానం ఉంది, గంటలో చేరుతుంది. అది ఎగిరితేనే లెండి. లోయలో మబ్బు దిగితే ఆ రోజుకు రద్దే. ఒకసారి నా బృందం మెస్టియాలో రెండు రోజులు అలా ఆగిపోయింది. చివరికి మార్ష్రుత్కా అనే వ్యానులో దిగువనున్న జుగ్‌దీది పట్టణానికి దిగి, అక్కడి నుంచి రైలెక్కి, స్వదేశపు విమానం బయలుదేరడానికి మూడు గంటల ముందు టిబిలిసి చేరాం. అప్పటి నుంచి తిరుగు ప్రయాణానికి ముందు ఒక ఖాళీ రోజు ఉంచుకోనివారి టికెట్లు నేను బుక్ చేయడం లేదు.