చెప్పకపోయినా స్కానింగ్ కనిపెడుతుందా? అపోహలు - వాస్తవాలు

"నొప్పి ఎక్కడ?" అని అడుగుతాను. "మీరే చూసి చెప్పండి" అంటారు. గుంటూరు కొత్తపేటలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ గదిలో పనిచేసే మాకు ఈ జవాబు వినిపించని రోజంటూ ఉండదు. పేషెంటు చెప్పబోతుంటే పక్కనున్న బంధువు మోచేత్తో పొడిచి ఆపడమూ చూస్తుంటాను. ముందే చెబితే డాక్టరు దాన్నే రిపోర్టులో రాసేస్తారని, చెప్పకుండా ఉంటే మిషను నిజం బయటపెడుతుందని వాళ్ల నమ్మకం. ఎక్కడో ఒకచోట మోసపోయిన భయం అందులో ఉంది, కాదనను. పొన్నూరు నుంచో సత్తెనపల్లి నుంచో తెల్లవారుజామున బస్సెక్కి, పరగడుపున వచ్చి, డబ్బు కట్టినవాళ్లకు జాగ్రత్త ఉండటంలో తప్పులేదు. కానీ ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా చేయవు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ప్రోబు పొట్ట మీద పెడితే లోపలున్నదంతా తెర మీదకు వస్తుంది

రాదు. ప్రోబు, అంటే మేం ఒంటి మీద ఆనించి జరిపే పరికరం, కెమెరా కాదు. దాని అంచున సన్నటి పిజోఎలక్ట్రిక్ పలకలు వరుసగా ఉంటాయి. సాధారణంగా 128 లేదా 192. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ 1880లో కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే స్ఫటికాల ఆకారం మారుతుందని మరుసటి ఏడాది రుజువు చేశారు. పిజోఎలక్ట్రిక్ అంటే ఈ గుణమే, దీనితోనే మా ప్రోబు నడుస్తుంది. పలక రెండు మూడు సార్లు కంపించి ధ్వనిని లోపలికి పంపుతుంది. వెంటనే దాని వెనకనున్న పొర ఆ కంపనాన్ని అణిచేస్తుంది. ఇక అదే పలక ప్రతిధ్వని కోసం వింటూ ఉంటుంది. ధ్వని మన కండరాల్లో, కాలేయంలో సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. సెంటీమీటరు లోతుకు వెళ్లి తిరిగి రావడానికి 13 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందన్న లెక్కను బట్టే మిషను చుక్కను ఫలానా లోతులో పెడుతుంది.

ఆ ధ్వని పొట్టంతా వ్యాపించదు. కొన్ని మిల్లీమీటర్ల మందమున్న పొరలాగా సాగుతుంది. తెర మీద కనిపించేది ఆ పొర ఒక్కటే. దాని పక్కన అర అంగుళం దూరంలో ఏముందో, ప్రోబు అటు తిప్పితేనే తెలుస్తుంది.

ఆ పొరలో సాగే ధ్వని పుంజం కూడా అన్ని లోతుల్లో ఒకే వెడల్పున ఉండదు. అది ఏ లోతు దగ్గర సన్నబడాలో మేం నిర్ణయిస్తాం. పెళ్లి ముహూర్తానికి బాపట్ల చుట్టాలు ముందు బయల్దేరి, తెనాలి వాళ్లు తర్వాత, ఊళ్లోవాళ్లు చివర్న బయల్దేరితే అందరూ ఒకేసారి పందిట్లో ఉంటారు. ఫోకస్ పెట్టడమంటే అదే. అంచుల్లో ఉన్న పలకలు ముందు మోగుతాయి, మధ్యలోవి నానోసెకన్ల లెక్కన కాస్త ఆగి మోగుతాయి, అలలన్నీ అనుకున్న లోతుకు ఒకేసారి చేరతాయి. అక్కడ చిత్రం పదునుగా వస్తుంది. దానికి పైన, కింద అంత పదును ఉండదు.

ఇక ఫ్రీక్వెన్సీ, అంటే ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క. మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల కంపనాలు. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వివరం బాగా కనిపిస్తుంది, లోతు అందదు. ప్రతి సెంటీమీటరుకు, ప్రతి మెగాహెర్ట్జ్‌కు దాదాపు అర డెసిబెల్ చొప్పున ధ్వని నీరసపడుతుంది. 3 మెగాహెర్ట్జ్ ధ్వని 15 సెంటీమీటర్లు వెళ్లి తిరిగి వచ్చేసరికి పోగొట్టుకునేది 45 డెసిబెల్స్. అదే 10 మెగాహెర్ట్జ్ అయితే 150. అంటే ఇక వినడానికి ఏమీ మిగలదు. అందుకే లోతున్న కాలేయానికి, కిడ్నీలకు తక్కువ ఫ్రీక్వెన్సీతో నడిచే వంపు అంచు కాన్వెక్స్ ప్రోబు, పైపైనే ఉండే థైరాయిడ్‌కు, చర్మం కింద గడ్డకు ఎక్కువ ఫ్రీక్వెన్సీతో నడిచే తిన్నటి అంచు లీనియర్ ప్రోబు. దేన్ని తీయాలో, ఎక్కడ ఆపాలో, ఎంత నొక్కాలో మీరు చెప్పే నాలుగు మాటల మీద ఆధారపడి ఉంటుంది.

కిందటి మిర్చి సీజనులో యార్డులో పనిచేసే ఒకాయన ఇంటర్ చదివే కొడుకుని తీసుకొచ్చారు. పొద్దున వేరేచోట స్కాన్ అయింది. చీటీ మీద 'కడుపునొప్పి' అని మాత్రమే ఉంది. కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు అన్నీ బాగున్నాయని రిపోర్టు ఇచ్చారు. అవి నిజంగానే బాగున్నాయి. కుర్రాడు మాత్రం నడుము వంచుకునే బల్ల దాకా నడిచాడు. "బాబూ, ఒక్క వేలితో చూపించు" అన్నాను. తండ్రి అడ్డుపడ్డారు, "వాడికేం తెలుసండీ, మీరు చూడండి" అని. కుర్రాడు ఆగలేదు. రాత్రి బొడ్డు చుట్టూ ఉన్న నొప్పి తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగిందని చెప్పి వేలు అక్కడ పెట్టాడు.

కాన్వెక్స్ పక్కన పెట్టి లీనియర్ తీశాను. అపెండిక్స్ కోసం పేగుల్లోని గాలిని పక్కకు జరుపుతూ మెల్లమెల్లగా నొక్కాలి. 1986లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టు పుయ్‌లార్ట్ వివరించిన పద్ధతి అది. ఒక చివర మూసుకుపోయిన గొట్టం కనిపించింది. మామూలు పేగయితే నొక్కగానే అణుగుతుంది. ఇది అణగలేదు. 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిన వెడల్పు 9 ఉంది. ఆ రాత్రే ఆపరేషన్ అయింది. పొద్దున చూసినవాళ్ల మీద తండ్రి కోపంగా ఉంటే, "వాళ్లు అడగలేదా?" అన్నాను. "అడిగారండీ, మేమే చెప్పలేదు" అన్నారు.

పిత్తాశయంలో రాళ్లదీ ఇదే తీరు. రాయి వెనక నల్లటి నీడ పడితేనే అది రాయని ధైర్యంగా చెప్పగలం. రెండు మూడు మిల్లీమీటర్ల రాయి ధ్వని పుంజం కంటే సన్నగా ఉంటే, పక్కల నుంచి దాటిపోయిన ధ్వని వెనకనున్న వాటి ప్రతిధ్వనులు తెచ్చి ఆ నీడను పూడ్చేస్తుంది. ఫోకస్‌ను సరిగ్గా ఆ లోతుకు తెచ్చి, ఫ్రీక్వెన్సీ పెంచి, పేషెంటును ఎడమవైపుకు తిప్పితే నీడ తేలుతుంది, రాయి దొర్లుతుంది. భోజనం తర్వాత కుడి డొక్కలో పట్టేస్తోందని ముందే తెలిస్తే ఆ నాలుగు నిమిషాలు అక్కడే గడుపుతాం.

కాబట్టి రిపోర్టులో నార్మల్ అని ఉంటే, చూసిన అవయవాల్లో ఆ ప్రోబుకు అందిన మేరకు తేడా లేదని అర్థం. జీర్ణాశయంలో పుండు మామూలు స్కాన్‌లో కనిపించదు, దానికి ఎండోస్కోపీ ఉంది. మూత్రనాళం మధ్యభాగంలో ఇరుక్కున్న రాయి చాలాసార్లు పేగుల చాటున దాక్కుంటుంది. 'గ్యాస్ వల్ల క్లోమం పూర్తిగా కనిపించలేదు' అన్న వాక్యాన్ని దయచేసి దాటేయకండి. క్లోమం బాగుందని అందులో లేదు. నార్మల్ కాగితం బీరువాలో పెట్టి నెలల తరబడి నొప్పి భరించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నొప్పి తగ్గకపోతే ఆ కాగితం పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: స్కాన్లు ఎక్కువైతే రేడియేషన్ వల్ల బిడ్డకు హాని

ఇది ధ్వని. ఎక్స్‌రే, సీటీల్లో ఉండే రేడియేషన్ ఇందులో లేదు. గర్భిణులకు ఇన్నేళ్లుగా చేస్తున్న స్కాన్లలో బిడ్డకు హాని జరిగిందని రుజువు కాలేదు. ధ్వనికి ఒళ్లు కొద్దిగా వేడెక్కే అవకాశం ఉంది కాబట్టి ఆ సూచీ తెర మీదే కనిపిస్తుంటుంది. మొదటి మూడు నెలల్లో అవసరం లేకుండా, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ వాడం. ఎవరో ఫోనులో పంపిన సందేశం చదివి, బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ మానేయకండి తల్లీ. దానికి సరైన సమయం 18 నుంచి 22 వారాలు, అది దాటితే మళ్లీ రాదు.

అపోహ: జెల్ మందు

కాదు. ప్రోబుకూ చర్మానికీ మధ్య గాలి ఉంటే ధ్వని దాదాపు అంతా వెనక్కి కొట్టుకొస్తుంది. గాలి లేకుండా చేయడానికే జెల్. తుడిచేసుకోవచ్చు.

అపోహ: మిషను ఖరీదైనదైతే చాలు

మంచి మిషను మంచిదే. కానీ కిందపడి కొన్ని పలకలు చచ్చిపోయిన ప్రోబును ఎంత పెద్ద మిషనుకు తగిలించినా చిత్రంలో నిలువు చారలే వస్తాయి.

అపోహ: నీళ్లు తాగమనడం, తినొద్దనడం మా వీలు కోసం

తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, లోపలి రాయి కనిపించడం కష్టమవుతుంది. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకు నెట్టి, గర్భసంచి దాకా ధ్వనికి దారి ఇస్తుంది. యోని మార్గంలో చేసే స్కాన్‌కు మాత్రం మూత్రాశయం ఖాళీగా ఉండాలి. ఎవరికి ఏది కావాలో ముందురోజే ఫోను చేసి అడగండి. షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకుని పరగడుపున బెంచీ మీద కూర్చోవద్దు. స్కాన్ రోజు డోసు ఎలాగో మీ డాక్టర్ని అడిగి తెలుసుకోండి. పేరు రాయించుకునేటప్పుడే షుగరు సంగతి చెబితే అందరికంటే ముందు పిలుస్తాం.