పట్టకారుకి రెండో కాడ

గుండె వాల్వు మార్పించుకున్న ఒక పాఠకురాలి ప్రశ్న: "రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. నా రక్తం నీళ్ళయిపోయిందా? తోటకూర తినొచ్చా?"

నీళ్ళు కాలేదమ్మా. మీరు వేసుకునే ఆ మాత్ర, వార్ఫరిన్, రక్తాన్ని ఏమాత్రం పలచన చెయ్యదు. అది చేసే పని చాలా సూక్ష్మమైనది.

గడ్డకట్టించే ప్రోటీన్లు గాయం దగ్గర ప్లేట్‌లెట్ల పొరకి అతుక్కోవాలంటే కాల్షియాన్ని పట్టుకోవాలి. దానికి పట్టకారు కావాలి. ఆ ప్రోటీన్లలోని గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లానికి మొదట ఒక్క కాడే (కార్బాక్సిల్ అనే రసాయన గుంపు) ఉంటుంది. ఒంటి కాడతో పొయ్యి మీది గిన్నె దించగలమా? రెండో కాడ బిగించడానికి విటమిన్ కె కావాలి. గడ్డకట్టించే ప్రోటీన్లలో ఒకటైన ప్రోత్రాంబిన్‌కే ఇలాంటి పట్టకార్లు పది! కాడ బిగించిన ప్రతిసారీ విటమిన్ కె ఆక్సీకరణం చెంది పనికిరాకుండా పోతుంది. దాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చే ఎంజైమ్‌కి వార్ఫరిన్ అడ్డుపడుతుంది. ప్రోటీన్లు తయారవుతూనే ఉంటాయి, కానీ చాలావాటికి కాడలు సరిగ్గా బిగిసి ఉండవు.

1920ల్లో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోయాయి. ఆ గడ్డిలో రక్తం గడ్డకట్టకుండా చేసే డైకుమరాల్ అనే పదార్థాన్ని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం వేరుచేసింది. దాని చుట్టమే వార్ఫరిన్. 1948లో ముందు ఎలుకల మందుగా వచ్చింది. ఈ మాట విని భయపడి మాత్ర మానేస్తే, లోహపు వాల్వు మీద గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది.

నన్ను అన్నిటికంటే అబ్బురపరిచేది ఇది: గడ్డకట్టడాన్ని అదుపుచేసే ప్రోటీన్ సి కి కూడా ఇదే పట్టకారు. దాని అర్ధాయువు (రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే సమయం) సుమారు 8 గంటలు, ప్రోత్రాంబిన్‌ది సుమారు 60. అంటే మందు మొదలెట్టగానే ముందు తగ్గిపోయేది అదుపుచేసేదే! ఆ మొదటి రోజుల్లో అరుదుగా చర్మంలోని సన్నని నాళాల్లో గడ్డలు కట్టి చర్మం నల్లబడి చచ్చిపోతుంది. అందుకే అప్పటికే గడ్డ ఉన్నవాళ్ళకి మొదట్లో గడ్డకట్టడాన్ని వెంటనే అడ్డుకునే హెపారిన్ ఇంజెక్షన్ తోడుగా ఇస్తారు.

ఇక తోటకూర. "ఆకుకూరలన్నీ మానెయ్" అనే పథ్యం వింటే నాకు బాధేస్తుంది. వారమంతా మానేసి ఆదివారం గిన్నెడు పాలకూర పప్పు తింటేనే చిక్కు. ఆకుల్లోని కొత్త విటమిన్ కె వచ్చిపడి కాడలు బిగించేస్తుంది. రోజూ ఇంచుమించు ఒకే కొలతలో తినండి, మాత్ర మోతాదుని డాక్టరు దానికి సరిపెడతారు.

చిగుళ్ళ సంగతి మాత్రం ఈరోజే చూపించుకోండి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించండి. వాల్వుని బట్టి అది 2 నుంచి 3, లేదా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. విరేచనం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మోకాళ్ళ నొప్పికని మందుల షాపులో ఏమైనా కొని మింగారా? అది కూడా డాక్టరుకి చెప్పండి.