ఇస్త్రీ పెట్టెతో టీషర్టు మీద బొమ్మ: పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం

బందరు

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈసారి సంక్రాంతికి అందరూ ఒకేరకం టీషర్టులు వేసుకోవాలనీ, వాటి మీద బొమ్మలు మీరే ఇస్త్రీ పెట్టెతో అంటించుకోవాలనీ అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ట్రాన్స్‌ఫర్ పేపరు కొనబోతున్నారట. వినగానే నాకు చాలా సంతోషం వేసింది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. పేపరు కొనకముందే ఒకసారి పూర్తిగా చదవండి.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఇక్కడికి దగ్గర్లో పెదనలో కలంకారీ అద్దేటప్పుడు రంగు నూలు పోగులోకే దిగుతుంది. కరక్కాయ, పటిక దాన్ని పోగుకు పట్టి ఉంచుతాయి. మీరు చేయబోయేదాంట్లో రంగు పోగులోకి పోదు. ఆ కాగితం మీద పలచని ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. ప్రింటరు ఇంకు ఆ పొర మీద పడుతుంది. ఇస్త్రీ పెట్టె వేడికి పొర మెత్తబడి కరుగుతుంది, మీరు నొక్కే బలానికి పోగుల సందుల్లోకి దిగుతుంది, చల్లారాక అక్కడే గట్టిపడుతుంది. కాగితం మీ చేతికి వస్తుంది, పొర బొమ్మతో సహా బట్ట మీద ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే నేను కింద చెప్పేవన్నీ ఎందుకో మీకే తడతాయి.

పేపరు రెండు రకాలు. తెల్ల చొక్కాలకూ లేత రంగు చొక్కాలకూ ఒకటి, ముదురు రంగులకు మరొకటి. ఇంట్లో ఉండే ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు. బొమ్మలో తెలుపు ఉన్నచోట ప్రింటరు ఏమీ వెయ్యదు, ఆ చోట కాగితమే తెల్లగా కనిపిస్తుంది. లేత రంగుల పేపరు మీద పొర పారదర్శకంగా ఉంటుంది కాబట్టి పసుపు చొక్కా మీద అంటిస్తే తెల్లగా ఉండాల్సినదంతా పసుపవుతుంది, నీలం కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. ముదురు రంగుల పేపరులో పొర కిందే తెల్లటి పూత ఉంటుంది. నల్ల చొక్కా మీద కూడా బొమ్మ తేలేది అందుకే. కానీ అది మందం. మొదటిసారి చేసేవాళ్లు తెల్ల చొక్కాతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

పేపరు ప్యాకెట్టు మీద ఇంకుజెట్ అని ఉందో లేజర్ అని ఉందో చూసి కొనండి. మీ ఇంట్లో ఉన్న ఇంకు ట్యాంకు ప్రింటరు ఇంకుజెట్ కిందికే వస్తుంది. ఆ పేపరు పట్టుకుని వీధి చివర జిరాక్స్ షాపుకు మాత్రం వెళ్లకండి. అక్కడివి చాలావరకు లేజర్ యంత్రాలు. వాటి లోపల పొడి ఇంకును కాగితానికి అతికించే రోలర్లు దాదాపు 200 డిగ్రీల వేడిలో తిరుగుతుంటాయి. ఇంకుజెట్ పేపరు మీద పొర ఆ వేడికి లోపలే కరిగి రోలరుకు అంటుకుపోతుంది. పాపం, ఆ షాపాయన యంత్రం పాడవుతుంది.

ఇక తిరగేయడం సంగతి. లేత రంగుల పేపరును బొమ్మ ఉన్న వైపు బట్ట మీదకు బోర్లిస్తాం. కాబట్టి అచ్చు అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు మారి రావాలి. పెదనలో టేకు చెక్క మీద అచ్చు చెక్కేవాళ్లు చేసేదీ ఇదే, బట్ట మీద సరిగ్గా పడాలని బొమ్మను తిరగేసి చెక్కుతారు. మీకు ఆ శ్రమ లేదు, కంప్యూటరులో ఒక్క నొక్కుతో తిరుగుతుంది. చిక్కల్లా ఒకటే. కొన్ని ప్రింటర్లు టీషర్టు పేపరు అని ఎంచుకోగానే వాటంతట అవే తిప్పేస్తాయి. మీరు ముందే తిప్పి ఉంటే రెండుసార్లు తిరిగి మళ్లీ మామూలుగా వస్తుంది. అందుకని మొదట మామూలు తెల్లకాగితం మీద ఒకటి తీసి అద్దం ముందు పట్టుకోండి. అద్దంలో చక్కగా చదవగలిగితేనే ఖరీదైన పేపరు పెట్టండి. ముదురు రంగుల పేపరుకు తిప్పడం అక్కర్లేదు. దాన్ని వెనక కాగితం ఒలిచేసి, బొమ్మ పైకి ఉండేలా పరిచి, మీద బటర్ పేపరు కప్పి ఇస్త్రీ చేస్తారు. బటర్ పేపరు లేకుండా తాకిస్తే పొర ఇస్త్రీ పెట్టె అడుగుకు అంటుకుంటుంది.

తెలుగు అక్షరాలు వేసుకుంటామంటే నాకు ఇంకా ఇష్టం. కొన్ని డిజైను యాప్‌లలో ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన పడతాయి, పొల్లు విడిగా కనిపిస్తుంది. తిప్పకముందే తాతయ్య చేత చదివించండి. తిప్పాక తప్పులు ఎవరి కంటికీ ఆనవు. సన్నగీతల అక్షరాలు వద్దు. పొర అంచుల దగ్గరే ముందు లేస్తుంది కాబట్టి సన్నటి ఒత్తులూ గుడులూ నాలుగు ఉతుకులకే ఊడతాయి. రామభద్ర అని ఉచితంగా దొరికే ఫాంటు ఉంది, శీర్షికలకు వాడే లావు అక్షరాలు. అలాంటిది ఎంచుకోండి. ఒక్కో అక్షరం చుట్టూ కత్తిరించబోతే మతిపోతుంది. మాట మొత్తానికీ కలిపి చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి, మూలలు గుండ్రంగా వచ్చేలా కత్తిరించండి. కోసుగా ఉన్న మూల ఎప్పుడూ ముందే లేస్తుంది.

బొమ్మ విషయంలో ఒక మాట చెబుతాను, కాదనకండి. సినిమా హీరో ఫొటో ఎక్కడైనా దొరుకుతుంది, పైగా అది వేరేవాళ్ల సొత్తు. మీ చేత్తో గీసింది వెయ్యండి. చిన్నదాని ముగ్గుల పుస్తకం ఉందిగా, అందులో చుక్కల ముగ్గు ఒకటి నల్ల స్కెచ్‌పెన్నుతో లావుగా గీసి, పగటి వెలుతురులో ఫొటో తీసి ఎక్కించండి. రెండు వైపులా ఒకేలా ఉండే ముగ్గయితే తిరగేయడం మరిచిపోయినా ఏమీ తేడా రాదు. పెద్దోడు వేసిన హరిదాసు బొమ్మ కూడా బావుంటుంది. మేం చీరల మీద ఎంబ్రాయిడరీ డిజైను దింపాలంటే ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో నీలం కలిపి గుడ్డతో అద్దేవాళ్లం. ఇంత శ్రమపడి దింపుతున్నాం కదా అని డిజైను బాగా ఆలోచించి గీసేవాళ్లం. మీరూ ఒక్కరోజు ఆలోచించండి.

పేజీ అంత పెద్ద బొమ్మ వెయ్యొద్దు. ఆ పొరలోంచి గాలి ఆడదు. సంక్రాంతి చలికి తెలియదు గానీ, అదే చొక్కా రోహిణి కార్తెలో వేసుకుంటే ఛాతీ మీద చెమట పట్టి అట్టలా అంటుకుంటుంది. అరచేయంత బొమ్మ చాలు, మెడపట్టీకి నాలుగు వేళ్ల కిందుగా.

చొక్కా నూటికి నూరుపాళ్లూ నూలుదైతే మేలు. మెరిసే పాలిస్టర్ ఆటల జెర్సీలు ఈ వేడికి తట్టుకోవు. లోపలి లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె గుర్తులో ఒక చుక్క ఉంటే 110 డిగ్రీల దాకా, రెండుంటే 150, మూడుంటే 200 దాకా ఓర్చుకుంటుందని అర్థం. మూడు చుక్కలున్నది తీసుకోండి. కొత్త చొక్కాకు పట్టించిన గంజి పోయేలా ఒకసారి ఉతికి ఆరెయ్యండి. కంఫర్టు లాంటివి కలపొద్దు, ఆ నునుపుకు పొర పట్టదు.

ఇస్త్రీ పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే. మనిళ్లలో దుప్పటి మడతపెట్టి దాని మీద ఇస్త్రీ చేస్తాం, దీనికి అది పనికిరాదు. మెత్తగా ఉంటే మీరు నొక్కే బలమంతా దుప్పటి మింగేస్తుంది. గచ్చు మీదా వద్దు, రాయి వేడిని లాగేస్తుంది. గట్టి చెక్కబల్ల మీద దిండు గలీబు ఒకటి ముడతలు లేకుండా పరిచి, దాని మీద చొక్కా పెట్టండి. పెట్టెను కాటన్ దగ్గరకు తిప్పి, లైటు ఆరేదాకా ఆగండి. ముందు ఉత్త బట్టను కాసేపు రుద్దితే అందులో చెమ్మ పోతుంది. ఇంకు తడి ఆరిన కాగితాన్ని బోర్లించి రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ మెల్లగా జరపండి. ఎన్ని క్షణాలన్నది ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. మధ్యలో అందరూ బాగానే నొక్కుతారు, అంచులే మరిచిపోతారు. మూలల మీద పెట్టె వెడల్పు భాగం ఆనించి విడిగా నొక్కండి.

కాగితం వేడిగా ఉండగా ఒలవాలా, చల్లారాకా అన్నది కూడా ప్యాకెట్టే చెబుతుంది, మీ ఇష్టం కాదు. ఒక మూల గోటితో లేపి చూడండి. కాగితంతోపాటు బొమ్మ కూడా లేస్తుంటే అక్కడే ఆపి, మళ్లీ పరిచి ఆ మూల ఇంకాసేపు కాల్చండి. లేవకుండా ఉంటే ఆగకుండా ఒకే ఊపులో ఒలిచెయ్యండి. మధ్యలో ఆగితే ఆగినచోట గీత పడుతుంది.

తరవాత ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకండి. ఉతికేటప్పుడు లోపలివైపు బయటకు తిప్పి చన్నీళ్లలో చేత్తోనే. బ్రష్షు, బండ మీద బాదడం, పిండడం కుదరదు. నీడన ఆరెయ్యాలి, ఇస్త్రీ కూడా తిరగేసే చెయ్యాలి. ఇంత చేసినా కొన్నాళ్లకు పొర సన్నగా పగుళ్లిస్తుంది, దాని తీరే అంత. కాలేజీ మొత్తానికి చొక్కాలు కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గరకు వెళ్లడమే న్యాయం. మన ఇంట్లో పిల్లలందరికీ అయితే ఇది చాలు.

ఇక్కడ ప్రింటరు లేదు కాబట్టి అచ్చులు అక్కడే తీసుకుని, మడత పడకుండా అట్ట ఫైల్లో పెట్టి తెచ్చుకోండి. పరీక్షకు ఒక పేపరు, పాత బనీను ఒకటి అదనంగా తెండి. మన ఇస్త్రీ పెట్టె పాతకాలంది, ఆవిరి కన్నాలు లేవు, అడుగు పూర్తిగా చదునుగా ఉంటుంది. ఈ పనికి అదే సరైనది. భోగికి ఒకరోజు ముందే దిగితే ఇస్త్రీ పని మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

ప్రేమతో,
మీ అమ్మమ్మ