మేనేజర్ల బోనస్: అపోహలు, అసలు లెక్కలు

జీతాల స్ట్రక్చర్లు తయారుచేయడం నా ఉద్యోగం. ఏప్రిల్ వచ్చిందంటే మేనేజర్ల ఫోన్లే ఫోన్లు. మాటిమాటికీ వినిపించేవి ఇవి.

అపోహ: సీటీసీలో (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) రాసిన వేరియబుల్ పే, అంటే పనితీరుని బట్టి ఇచ్చే భాగం, ఎలాగూ వస్తుంది.

వాస్తవం: సీటీసీ 40 లక్షలు, అందులో 20 శాతం వేరియబుల్ అనుకుందాం. అంటే 8 లక్షలు. ఆ ఏడాది కంపెనీ ఫలితాలను బట్టి పెట్టే గుణకం 0.8, మీ రేటింగ్‌కి 1.1 అయితే అది 7.04 లక్షలవుతుంది. పన్ను, సెస్సు 31.2 శాతం పోను చేతికొచ్చేది 4.84 లక్షలే. డబ్బు పడే రోజుకి మీరు నోటీసు పీరియడ్‌లో ఉంటే చాలా కంపెనీల్లో అదీ రాదు. దీన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకండి.

అపోహ: చట్టం చెప్పే కనీస బోనస్, 8.33 శాతం, మాకూ హక్కే.

వాస్తవం: 2025లో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఉన్న 1965 నాటి బోనస్ చట్టంలో ఆ హక్కు నెలకు 21,000 దాటని జీతాలకే ఉండేది. కొత్త కోడ్‌లోనూ జీతానికి పరిమితి ఉంది.

అపోహ: బోనస్ ఎంత పెంచితే పని అంత పెరుగుతుంది.

వాస్తవం: ఒక సేల్స్ మేనేజర్ మార్చి 27కే 120 శాతం టార్గెట్ కొట్టేశాడు. ఆపైన ఎంత అమ్మినా పైసా రాదు. డీలర్‌కి ఫోన్ చేసి, "అన్నా, ఈ లోడు బిల్లు ఏప్రిల్ 2న వేద్దాంలే" అన్నాడు, అది కొత్త ఏడాది టార్గెట్‌లో పడుతుందని. అతన్నేం అంటాం? ఆ స్లాబు గీసింది మేమే.

అపోహ: రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డవాళ్లకి ఇన్సెంటివ్ దండగ.

వాస్తవం: నా లెక్కలో ఇది పూర్తిగా తలకిందులు. 32 ఏళ్ల మేనేజర్‌కి ప్రమోషన్, బయటి ఆఫర్ ఊరిస్తూనే ఉంటాయి, బోనస్ కొంచెం తగ్గినా వాటి కోసం కష్టపడి పనిచేస్తాడు. 56 ఏళ్లాయనకి ఆ రెండూ లేవు. కెరీర్ చివర్లోనే బోనస్ బలంగా ఉండాలని ఆర్థికవేత్తలు గిబ్బన్స్, మర్ఫీ 1992లోనే లెక్కకట్టి చూపించారు.

అయితే ఇక్కడో చిక్కుంది. ఒక ప్లాంట్ హెడ్‌కి బోనస్ మొత్తం ఆ ఏడాది ఖర్చు తగ్గింపు మీదే పెట్టాం. ఆయన కంప్రెసర్ ఓవర్‌హాల్ (విప్పి చేసే పూర్తి మరమ్మతు) వాయిదా వేశాడు, బోనస్ తీసుకుని రిటైరయ్యాడు. కంప్రెసర్ ఆ తర్వాత ఆగింది. ప్రైవేటు బ్యాంకుల సీఈవోల వేరియబుల్ పేలో కనీసం 60 శాతాన్ని కనీసం మూడేళ్ల మీద ఇవ్వాలని 2019లో ఆర్బీఐ చెప్పింది ఇలాంటి భయంతోనే. ఈలోగా లొసుగు బయటపడితే ఆపేయొచ్చు, ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చు.

మేమూ అలాగే మూడు వాయిదాలు పెట్టాం. తర్వాత వచ్చిన ప్లాంట్ హెడ్ కాగితం చదివి, "సార్, నేను దిగిపోయాక వచ్చినవాడు మిషన్లు పాడుచేస్తే మూడో వాయిదా నాకే పోతుందా?" అన్నాడు. ఆ క్లాజు ఇప్పటికి రెండుసార్లు తిరగరాశాం. ఇంకా కుదరలేదు.