నలుగురిలో విశ్వాసిగా నిలబడటం: అపోహలు – వాస్తవాలు

సంఘ కాపరిగా యువతీయువకుల నుండి నేను ఎక్కువగా వినే ప్రశ్న, నలుగురిలో క్రైస్తవులమని చెప్పుకొనే ధైర్యం ఎలా వస్తుందన్నది. దానికి జవాబు వెదికే ముందు, ధైర్యం గురించి సంఘాలలో పాతుకుపోయిన కొన్ని అభిప్రాయాలను సరిచేయవలసి ఉంది.

అపోహ: నిజమైన విశ్వాసికి భయం ఉండదు.

వాస్తవం: కొరింథులో తాను బలహీనతతోను, భయంతోను, ఎంతో వణుకుతోను ఉన్నానని అపొస్తలుడైన పౌలే రాశాడు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో, ధైర్యంగా మాట్లాడగలిగేలా తన కోసం ప్రార్థించమని కోరాడు.

అపోహ: బహిరంగ సాక్ష్యమంటే మైకు, కరపత్రం.

వాస్తవం: ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణంలో ఇచ్చింది కనుక సువార్త ప్రకటించడం తప్పేమీ కాదు. అయితే మన నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివానికి సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు పేతురు. ఎవరైనా అడగాలంటే ముందు మన నడవడిలో వారికి ఏదో కనిపించాలి. ఆఫీసులో లంచం పుచ్చుకొని ఆదివారం ఆరాధనలో గొంతెత్తేవారిని ఎవరూ ఏమీ అడగరు.

అపోహ: హృదయంలో విశ్వాసం ఉంటే చాలు, కుల ధ్రువపత్రంలో ఏముంటే ఏమి?

వాస్తవం: మన కాపరులు వేదిక మీద దాటవేసే ప్రశ్న ఇదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది గాని క్రైస్తవులకు దక్కలేదు; మన రెండు రాష్ట్రాలలోనూ క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు వెనుకబడిన తరగతులలో 1 శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సి విభాగం కిందకు వస్తారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరిలో వివక్ష ఆగదు గనుక ఈ నిబంధన అన్యాయమనే నా అభిప్రాయం, దానిపై న్యాయస్థానంలో బాహాటంగా పోరాడటం మన హక్కు. అలాగని పత్రంలో ఒక మాట, సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ప్రభువు బల్ల దగ్గర మరొక మాట చెబితే అది సాక్ష్యం అనిపించుకోదు, చట్టం ముందు నిలవదు కూడా. క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకొన్న ఒక మహిళకు ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించడాన్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంతకీ, ఎస్సీ స్కాలర్‌షిప్ వదులుకొనే విద్యార్థినికి ధైర్యం గురించి ప్రసంగించే సంఘం, ఆమె ఫీజులో కొంతైనా భరించడానికి ముందుకు రాకపోతే ఆ ప్రసంగానికి విలువేముంది?

అపోహ: రహస్యంగా నమ్మేవారు విశ్వాసులే కారు.

వాస్తవం: యూదులకు భయపడి రహస్య శిష్యుడిగా ఉండిపోయిన అరిమతయియ యోసేపే, శిష్యులు చెదిరిపోయిన వేళ తెగించి రోమా అధిపతి పిలాతు వద్దకు వెళ్లి, సిలువ మీద చనిపోయిన యేసు దేహాన్ని అడిగాడు, ఒకప్పుడు రాత్రివేళ యేసు దగ్గరకు వచ్చిన నీకొదేము బోళం, అగరు అనే సుగంధ ద్రవ్యాలు తీసుకొని అతనికి తోడు వచ్చాడు. కనుక ఇంట్లో వ్యతిరేకత ఉన్న అమ్మాయిని, వెంటనే తల్లిదండ్రులకు చెప్పెయ్యమని నేను తొందరపెట్టను. ఆమె చదువు ఆగకుండా ఎలా చూడాలో, అవసరమైతే ఎవరింట ఉండగలదో ముందు మాట్లాడుకుంటాం. ఎప్పుడు, ఎవరికి మొదట చెప్పాలన్నది ఆమె నిర్ణయానికే వదిలేస్తాను.