పాత టోన్ బారులు: అపోహలు - వాస్తవాలు

ల్యాప్ స్టీల్ (ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద కడ్డీ జార్చి వాయించే గిటారు) సెటప్ కోసం నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది వాయిద్యాన్ని పెట్టెలోంచి తీయకముందే జేబులోంచి ఒక పాత టోన్ బారు, అంటే ఆ జార్చే కడ్డీ, తీసి, "ఇది అసలైన పాతదేనాండీ?" అని అడుగుతారు. బారు నున్నగా ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: ఉక్కు పాతబడేకొద్దీ నాదం పండుతుంది.

వాస్తవం: గిటారు పైచెక్క గురించి అలా వాదించుకుంటే వినవచ్చు గాని, ఉక్కు కడ్డీ విషయంలో ఆ మాట వట్టి పుకారు. తీగ మీద కదిలే మెట్టులా నిలబడటమే బారు పని కనుక, దానికి కావలసినవి బరువు, నునుపు, తిన్నదనం మాత్రమే. 7/8 అంగుళాల మందం, 3 1/4 అంగుళాల పొడవు ఉన్న ఉక్కు బుల్లెట్ బారు (కొన తూటాలా గుండ్రంగా ఉండే కడ్డీ) ఏ దశాబ్దంలో తయారైనా పావుకిలోకు కాస్త అటూఇటూగానే తూగుతుంది. వయసు దానికి చేర్చేవి గీతలు, తుప్పు, క్రోమ్ పూత పొక్కులు. ఆ పొక్కు అంచు, పైన సన్నతీగ చుట్టి ఉండే లావు తీగల మీదుగా జారినప్పుడల్లా గరగరమంటుంది, తీగనూ తినేస్తుంది. కొనేముందు కాస్త దూదిని బారు పొడవునా లాగి చూడండి; ఒక్క పోగు చిక్కుకున్నా ఆ చోట లోపం ఉన్నట్టే. తరువాత గాజు పలక మీద పెట్టి వెనుక దీపం ఉంచితే, వంకర ఉన్నచోట వెలుగు సన్నగా తొంగిచూస్తుంది. హవాయిలో ఈ వాయించే పద్ధతికి ఆద్యుడిగా పేరున్న జోసెఫ్ కెకుకు దువ్వెన, కత్తి వంటివి ప్రయత్నించి చివరకు నున్నటి ఉక్కు కడ్డీకి చేరుకున్నారని చెబుతారు. ఆయన పాతదాని కోసం వెతకలేదు.

పదవీ విరమణ తరువాత ఈ వాయిద్యం మొదలుపెట్టిన ఒక పెద్దాయన, చాలా ఖర్చు పెట్టి తెప్పించుకున్న పాత బారు బజ్ కొడుతోందని, మోసపోయానేమోనని దిగులుపడుతూ వచ్చారు. బారులో ఏ లోపమూ లేదు. ఆయన బారు వెనుక వేళ్లను పైకెత్తి వాయించడంతో అటువైపు తీగ కూడా మోగుతోంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు తీగల మీద తేలికగా ఆనించమనగానే శబ్దం ఆగిపోయింది. కొత్తవారి బజ్‌లో ఎక్కువ భాగం ఇలాంటిదే కాబట్టి, బారు మార్చేముందు చేయి చూసుకోండి.

మిగిలినవి చిన్న సంగతులు. బరువైన బారే మంచిదన్నది అందరికీ వర్తించదు: డోబ్రో (లోపల లోహపు పళ్లెం ఉండే గిటారు) వాయించేవారిలా బారును మాటిమాటికీ ఎత్తేవారికి గాడి ఉన్న స్టీవెన్స్ తరహా బారే పట్టుకు వీలు. మెరుస్తున్నదల్లా ఉక్కు కాదు, క్రోమ్ పూసిన ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. పూత లేచిన బారును ఇంట్లో గరుకు కాగితంతో రుద్దకండి. గుండ్రటిదైతే సెంటర్‌లెస్ గ్రైండింగ్ (గుండ్రటి కడ్డీని యంత్రంతో చుట్టూ సమంగా అరగదీయడం) చేసేవారికి ఇవ్వండి. మందం వెంట్రుకవాసి తగ్గుతుంది, పూత పోయిన ఉక్కు కనుక వాయించాక నూనె గుడ్డతో తుడవాలి.