వాట్లు చూసి యాంప్ కొనొద్దు: గిటారూ గొంతూ ఒకే డబ్బాలోంచి రావాలంటే

గిటార్ వాయిస్తూ పాడేవాళ్ళు మోసుకెళ్ళడానికి వీలైన చిన్న యాంప్ (స్పీకర్‌తో కలిపి ఉండే యాంప్లిఫయర్) కోసం చూస్తున్నప్పుడు మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కూడా అదే మరి, అడగడంలో తప్పేం లేదు, కానీ ఆ ఒక్క అంకె పట్టుకుని కొనేస్తే చాలాసార్లు తేడా కొడుతుంది, ఎందుకంటే చెవి వాట్లని లెక్కేసుకునే పద్ధతే వేరు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత). అంటే 30 వాట్ల యాంప్ పక్కన 60 వాట్లది పెట్టి వింటే "ఆ, కొంచెం ఎక్కువుంది" అంటాం అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పదింతలు కావాలి, అంటే 30 కాస్తా 300 అవ్వాలి.

పైగా ఆ వాట్లని సౌండ్‌గా మార్చేది స్పీకర్ కదా, అన్ని స్పీకర్లూ ఒకేలా మార్చవు. 1 వాట్ ఇచ్చి 1 మీటర్ దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో దాన్ని సెన్సిటివిటీ అంటారు. 96 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌కి 25 వాట్లు పెడితే వచ్చే సౌండ్ 90 ఇచ్చే స్పీకర్ నుంచి రావాలంటే 100 వాట్లు పెట్టాలి. ఈ అంకె యాంప్ కంపెనీలు చాలావరకు రాయవు, కాబట్టి స్పెక్స్‌లో మ్యాక్సిమమ్ ఎస్‌పీఎల్ (యాంప్ ఇవ్వగలిగే గరిష్ఠ సౌండ్, డెసిబెల్స్‌లో) అని ఏమైనా ఉందేమో వెతకండి, ఉంటే వాట్ల కన్నా అదే నమ్మకం. వాట్లలో కూడా పీక్ (ఒక్క క్షణం తాకే గరిష్ఠం) అని రాసుంటే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) ఎంతో చూస్కోండి.

అసలు చిన్న డబ్బాలోంచి ఎంత సౌండ్ రాగలదు అనేదానికి స్పీకర్లు డిజైన్ చేసేవాళ్ళ దగ్గర ఒక రూల్ ఉంది, హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. కేఎల్‌హెచ్ అనే అమెరికా స్పీకర్ కంపెనీ పేరులో హెచ్ ఈ జె. ఆంటన్ హాఫ్‌మన్‌దే. రూల్ ఏంటంటే డబ్బా చిన్నగా ఉండాలి, బేస్ (లావు శబ్దాలు) లోతుగా రావాలి, తక్కువ పవర్‌కే గట్టిగా మోగాలి, ఈ మూడూ ఒకేసారి కుదరవు, ఏవో రెండే ఎంచుకోవాలి. లెక్క కూడా చాలా కఠినంగా ఉంటుంది: డబ్బా సైజు మార్చకుండా బేస్ హద్దుని, అంటే స్పీకర్ దిగగలిగే అతి లోతైన ఫ్రీక్వెన్సీని, 80 హెర్ట్జ్ (సెకనుకి 80 కంపనాలు) నుంచి 40కి దించాలంటే అంతే సౌండ్‌కి ఎనిమిది రెట్ల పవర్ కావాలి.

ఇది వినగానే చిన్న యాంపుల మీద ఆశ పోతుందేమో గానీ నిజానికి మనకి కలిసొచ్చేది ఇక్కడే. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, మామూలు ట్యూనింగ్‌లో, సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బాగా బరువైన మగ గొంతు కూడా పాటలో సాధారణంగా ఆ దరిదాపుల్లోనే ఆగిపోతుంది. అంటే 40 హెర్ట్జ్ మనకి అక్కర్లేదు, ఆ ఎనిమిది రెట్ల ఖర్చు మన నెత్తిన పడదు, 6.5 అంగుళాలో 8 అంగుళాలో స్పీకర్ ఉన్న డబ్బా గిటారూ గొంతూ రెండిటినీ హాయిగా లాగేస్తుంది. అయితే ఫోన్లోంచి డ్రమ్సూ బేస్ గిటారూ ఉన్న బ్యాకింగ్ ట్రాక్ వేసి పాడతాం అంటే మాత్రం కథ మారిపోయినట్టే, అప్పుడు పెద్ద డబ్బా మోయడానికి సిద్ధపడాలి.

పై ఫ్రీక్వెన్సీల, అంటే సన్నని శబ్దాల సంగతి చూస్తే, ఇంట్లో ఎలాగూ ఉంది కదా అని ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌లోనే మైకూ అకౌస్టిక్ గిటారూ పెట్టేసేవాళ్ళు ఉంటారు. ఆ యాంపుల్లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది, డిస్టార్షన్ (కావాలని తెప్పించే గరగర) చెవిలో గుచ్చుకోకుండా ఉండడానికి ఎలక్ట్రిక్ గిటార్‌కి అదే మంచిది. కానీ తీగ మీద గోరు తగిలినప్పుడు వచ్చే మెరుపు, "స" "శ" అన్నప్పుడు వచ్చే గాలి శబ్దం, ఇవన్నీ ఎక్కువగా ఆ పైనే ఉంటాయి. అవి పోతే మాట ముద్దగా వినిపిస్తుంది. అందుకే అకౌస్టిక్ యాంప్‌లో వేరే ట్వీటరో (సన్నని శబ్దాల కోసం ఉండే చిన్న స్పీకర్), లేకపోతే పైదాకా వెళ్ళే స్పీకరో పెడతారు.

ఇక నా ఉద్దేశంలో వాట్ల కన్నా ముందు చూడాల్సింది యాంప్ వెనకో పైనో ఉండే ఆ ఇన్‌పుట్ రంధ్రాలు. చాలా అకౌస్టిక్ గిటార్లలో బ్రిడ్జ్ శాడిల్ (తీగలు ఆనే సన్నని పట్టీ) కింద పీజో పికప్ ఉంటుంది, తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది అదే. కొన్ని స్ఫటికాలని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు, ఈ పికప్ పనిచేసేది దాని మీదే. చిక్కేంటంటే ఎలక్ట్రికల్‌గా చూస్తే పీజో ఒక బుల్లి కెపాసిటర్ (కాస్త కరెంటుని నిలవుంచే భాగం) లాంటిది, అది యాంప్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్‌తో కలిసి బేస్‌ని కోసేసే ఫిల్టర్ అయిపోతుంది. పికప్ కెపాసిటెన్స్ 1000 పికోఫారడ్స్ అనుకుని లెక్కేస్తే, 10 మెగాఓమ్స్ ఇన్‌పుట్‌లో 16 హెర్ట్జ్ కింద మాత్రమే కోత పడుతుంది, అంటే మనకి తెలీను కూడా తెలీదు. 1 మెగాఓమ్ అయితే 160 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది, లావు తీగ వోల్టేజ్‌లో సగం కూడా మిగలదు. అదే పికప్‌ని 10 కిలోఓమ్స్ ఉన్న మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే కోత 16 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది, అప్పుడు వినిపించేది గిటార్ కాదు, తీగల గీరుడు. "నా గిటార్ సౌండ్ ప్లాస్టిక్‌లా ఉంది" అని కంప్లైంట్ చేసేవాళ్ళలో కొంతమంది సమస్య గిటార్‌లో లేదు, ఈ జాక్ దగ్గరే ఉంది. గిటార్ లోపలే బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (చిన్న సిగ్నల్‌ని ముందుగానే పెంచే సర్క్యూట్) ఉంటే ఈ గొడవ ఉండదు, ఆ ప్రీయాంపే పీజో బరువు మోసేసి బయటికి గట్టి సిగ్నల్ పంపిస్తుంది.

మైక్ దీనికి పూర్తి రివర్స్. డైనమిక్ మైక్ (స్టేజీల మీద మామూలుగా వాడేది) ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి దాని అడ్డు, కొన్ని వందల ఓమ్స్ ఉంటుంది, ఇచ్చేది కొన్ని మిల్లీవోల్ట్స్, దానికి ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్ (మూడు పిన్నుల మైక్ జాక్), బాగా పెంచగలిగే మైక్ ప్రీయాంప్ కావాలి. కండెన్సర్ మైక్ వాడితే 48 వోల్ట్స్ ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్‌లోంచే దానికి వెళ్ళే కరెంటు) కూడా ఉండాలి, బ్యాటరీ యాంపుల్లో ఇది ఉందో లేదో ప్రత్యేకంగా అడగాలి. రెండు ఛానెళ్ళు ఉంటే చాలదు, రెండిటికీ వేరువేరు టోన్ నాబ్‌లు ఉండాలి, ఎందుకంటే గొంతుకి తగ్గించాల్సిన చోటు గిటార్‌కి పెంచాల్సిన చోటు అయ్యుండొచ్చు.

ఇప్పుడు ఫీడ్‌బ్యాక్, అంటే ఆ కూత. అకౌస్టిక్ గిటార్ అంటేనే గాలి కదిలితే మోగే పెట్టె. లోపలి గాలి 100 హెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతుంది, పైచెక్క 200 దగ్గర్లో మోగుతుంది, ఈ రెండు చోట్లా గిటార్ చాలా సున్నితంగా ఉంటుంది. యాంప్ సౌండ్ వచ్చి ఆ చెక్కని ఊపుతుంది, ఆ ఊపు పికప్‌లోకి వెళ్ళి మళ్ళీ యాంప్‌లోంచి బయటికొస్తుంది. ఒక రౌండ్ తిరిగొచ్చేసరికి అది తగ్గకుండా ఉండి, మొదటి కంపనంతో లయ కలిసి వచ్చిందంటే ఇక ఆగదు, భూఊఊ అని ఊళ పెడుతుంది. దీన్ని ఆపడానికి ఈ రెండు షరతుల్లో ఒకటి చెడగొడితే చాలు. ఫేజ్ బటన్ సిగ్నల్‌ని తలకిందులు చేసి లయ తప్పిస్తుంది (ఒక్కోసారి ఇంకో ఫ్రీక్వెన్సీలో కూత మొదలవుతుంది, అప్పుడు ఒక అడుగు జరిగి చూడండి). నాచ్ ఫిల్టర్ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని సన్నగా కోసేస్తుంది. సౌండ్‌హోల్‌కి పెట్టే రబ్బర్ మూత లోపలి గాలి మోగడాన్నే తగ్గించేస్తుంది, ఇది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా బాగా పనిచేసేది కూడా అదే అని నా అభిప్రాయం. నాచ్ అయినా ఫేజ్ అయినా లేని యాంప్‌ని, రివర్బ్, కోరస్ లాంటి ఎఫెక్ట్‌లు ఎన్ని ఉన్నా సరే, నేనైతే లిస్ట్‌లోంచి తీసేస్తా.

మైక్ విషయంలో సగం పరిష్కారం యాంప్ పెట్టే చోటులోనే ఉంది. కార్డియాయిడ్ మైక్ (ముందు నుంచి వచ్చే సౌండ్‌నే ఎక్కువగా తీసుకునేది) తన వెనక నుంచి వచ్చే సౌండ్‌ని చాలా తక్కువగా తీసుకుంటుంది, కాబట్టి యాంప్ మైక్ వీపు వైపు ఉండాలి. పాడేవాళ్ళ వెనక పెడితే అది నేరుగా మైక్ నోట్లోకి పాడుతున్నట్టే. అలాగని యాంప్‌ని నేల మీద పెట్టి వదిలేయడం కూడా మంచిది కాదు: 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు, అది ఎటైనా చుట్టుకుని వెళ్ళిపోతుంది, 10 కిలోహెర్ట్జ్‌ది 3.4 సెంటీమీటర్లే, అది టార్చ్‌లైట్‌లా ఎటు తిప్పితే అటే పోతుంది. నేల మీద ఉన్న ట్వీటర్ జనం మోకాళ్ళకి పాడుతుంది, చెవులకి బేస్ మాత్రమే చేరుతుంది, అది కూడా నేల వల్ల కొంచెం ఉబ్బి. అందుకే వెనక్కి వాలే స్టాండో, అడుగున స్టాండ్ పోల్ పట్టే గుంటో ఉంటే చాలా ఉపయోగం. ఆరుబయట గోడలు లేవు కాబట్టి దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి, గదిలో బ్రహ్మాండంగా మోగిన యాంప్ పార్కులో నీరసంగా అనిపించడానికి ఇదే కారణం.

బ్యాటరీ లెక్క కూడా చూద్దాం. పాత పద్ధతి క్లాస్ ఏబీ యాంపులు తీసుకున్న కరెంటులో స్పీకర్‌కి పంపేది సిద్ధాంతపరంగానే 78.5 శాతం దాటదు, అది కూడా ఫుల్ వాల్యూమ్‌లో, మామూలుగా వాయించేటప్పుడు కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. ట్రాన్సిస్టర్లని స్విచ్‌లా ఆన్ ఆఫ్ చేసే క్లాస్ డీ వచ్చాక అది 90 శాతం దాకా వెళ్ళింది, బ్యాటరీ యాంపులు ఇంత తేలికైపోవడం వెనక అదే ఉంది. ఇంకో కిటుకు సంగీతంలోనే ఉంది: గిటారూ గొంతూ ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండవు, సగటు కన్నా పీక్‌లు 12 డెసిబెల్స్, అంతకన్నా ఎక్కువే పైన ఉంటాయి, అంటే పీక్‌లో 60 వాట్లు తాకే యాంప్ సగటున ఇచ్చేది 4 వాట్ల లోపే. లోపలి సర్క్యూట్లూ నష్టాలూ కలిపి 10 వాట్లు తాగుతుంది అనుకున్నా 12 వోల్ట్స్ 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్స్, ఎనిమిది గంటలు లాగుతుంది. అదే శక్తి లెడ్ యాసిడ్‌లో రెండు కిలోల పైన బరువు, లిథియం సెల్స్‌లో సుమారు అరకిలో. విమానంలో తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు మాత్రం 100 వాట్ అవర్స్ దాటిన లిథియం బ్యాటరీకి ఎయిర్‌లైన్ అనుమతి కావాలని గుర్తుపెట్టుకోండి.

వాట్లు ఒకటే ఉన్నా యాంపులు ఎంత వేరుగా ఉంటాయో చెప్పడానికి రెండు పేర్లు: జర్మనీ కంపెనీ ఏఈఆర్ చేసే కాంపాక్ట్ 60లో 60 వాట్లు, 8 అంగుళాల స్పీకర్ ఒక్కటే, బ్యాటరీ లేదు, ప్లగ్ పాయింట్ ఉండాల్సిందే. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ చార్జ్‌లో కూడా 60 వాట్లే, కానీ 6.5 అంగుళాల వూఫర్ (లావు శబ్దాల స్పీకర్), అంగుళం ట్వీటర్, లోపలే చార్జింగ్ బ్యాటరీ. రోలాండ్ ఏసీ 33 అయితే ఎనిమిది పెన్సిల్ సెల్స్ మీద కూడా నడిచేస్తుంది. ఏది గొప్ప అని కాదు, మీరు పాడే చోట కరెంటు ఉందా లేదా అన్నదే ముందు తేలాలి.

బ్లూటూత్ ఉంటే ట్రాక్ వేసుకోవడానికి పర్లేదు, గిటారో మైకో మాత్రం దాని ద్వారా పంపాలని చూడకండి, మామూలు బ్లూటూత్ ఆడియోలో 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యం తేలిగ్గా వస్తుంది, అంత ఆలస్యంగా మీ గొంతు మీకే వినిపిస్తే తాళం నిలబడదు.

కొనే ముందు మీ గిటారూ మీ మైకూ పట్టుకెళ్ళండి, షాపు గిటార్ పికప్ వేరు మీది వేరు. ఏమీ వాయించకుండా వాల్యూమ్ పెంచి స్స్‌స్ అని ఎంత వస్తుందో వినండి, తర్వాత ఒకరిని వాయించమని మీరు ఆరేడు మీటర్లు వెనక్కి వెళ్ళి, ఒకసారి నిలబడి ఒకసారి పక్కకి జరిగి వినండి. వాల్యూమ్ మూడొంతులు పెట్టినప్పుడు లావు తీగ కొడితే డబ్బా గడగడలాడుతోందా, పాట మాటలు అర్థమవుతున్నాయా చూస్కుని, ఆ తర్వాత ఒక చేత్తో ఎత్తుకుని మెట్లు ఎక్కి దిగండి.